బోల్తా పడ్డ ఓడకే పేరు ప్రఖ్యాతులు

ఓడల స్టెబిలిటీ, నిర్మాణం మొదటి పాఠం నుంచి నేర్చుకుందామనుకునే కుర్రకారుకి నా సలహా ఒక్కటే: వద్దు. విశాఖలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో నాలుగేళ్లు నేవల్ ఆర్కిటెక్చర్ చదివి, రాత్రుళ్లు మేలుకుని లెక్కలు చేసి, చివరికి సాధించేది ఏమిటయ్యా అంటే ఓడ నిటారుగా నిలబడుతుంది. నిలబడిన ఓడని చూసి చప్పట్లు కొట్టినవాణ్ని మీరెప్పుడైనా చూశారా?

అదే స్వీడన్ వెళ్లండి. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవులో బయల్దేరి, కిలోమీటరున్నర కూడా పోకుండానే బోల్తా కొట్టిన వాసా అనే యుద్ధనౌకని, తర్వాత పైకి తీసి మ్యూజియంలో పెడితే, చూడటానికి ఏటా పది లక్షల మందికి పైగా టికెట్ కొనుక్కుని వస్తున్నారు. మునగడం కూడా ఒక కెరీరే.

సరే, మీ తృప్తి కోసం సైన్స్ కూడా చెప్పేసుకుందాం. ఓడ బరువంతా ఒకచోట నుంచి కిందికి లాగుతున్నట్టు లెక్క, ఆ చోటు పేరు జీ. నీళ్లు ఓడని పైకి తోస్తాయి, ఆ తోపు నీళ్లలో మునిగిన భాగానికి నట్టనడుమ ఉన్న బీ అనే చోట పనిచేస్తుంది. ఓడ కాస్త ఒరిగితే ఒరిగిన వైపు ఎక్కువ మునుగుతుంది, కాబట్టి బీ కూడా అటే జరుగుతుంది. ఆ కొత్త బీ నుంచి నిట్టనిలువుగా పైకి గీత గీస్తే ఓడ మధ్యగీతని ఎక్కడ తాకుతుందో అదే ఎం, అంటే మెటాసెంటర్. జీ కంటే ఎం పైన ఉంటే ఓడ తనంతట తానే లేచి నిలబడుతుంది, కింద ఉంటే పడుకుంటుంది. ఇంతే సంగతి. మామూలు సరుకు ఓడకి ఈ రెంటి మధ్య కనీసం 0.15 మీటర్ల ఎడం ఉండాలని ఇప్పటి అంతర్జాతీయ నియమం. జానెడు కూడా కాదు! (అదొక్కటే చాలదు, ముప్ఫై డిగ్రీలు ఒరిగినప్పుడు ఎంత బలంగా లేస్తుందో కూడా చూపించమంటారు. అనుమానపు మనుషులు.) పోనీ జానెడెందుకు, ఏకంగా బారెడు ఉంచేద్దామంటే ఓడ మరీ బిర్రుగా తయారై ప్రతి అలకీ విసురుగా ఊగుతుంది, లోపలున్నవాళ్లకి వాంతులు.

వాసా కట్టినవాళ్లకి ఈ గొడవేదీ లేదు. మెటాసెంటర్ అనే ఊహని ఫ్రాన్సుకి చెందిన బూగే 1746లో పుస్తకంలో పెట్టేనాటికి ఆ ఓడ మునిగి వందేళ్లు దాటింది. వాళ్లకి తెలిసిందల్లా కొలతల నిష్పత్తులు, కంటి అంచనా, పైనుంచి వచ్చే ఆజ్ఞలు. గుస్తావ్ అడాల్ఫ్ రాజుగారికి ఫిరంగులంటే ఇష్టం. ఫిరంగులకే రెండు అంతస్తులు, మొత్తం 64 ఫిరంగులు, వాటిలో 48 ఇరవై నాలుగు పౌండ్ల గుండ్లు పేల్చేవి, వెనక వైపు వందలాది చెక్క బొమ్మలు, వీటన్నిటినీ మోయడానికి అవసరానికి మించి లావుపాటి దూలాలు. నిర్మాణం బలంగా ఉండాలి కదా, మరి! పైన బలం పెరిగేకొద్దీ జీ కూడా పైకెక్కి కూర్చుంటుందన్నది ఎవరికి పట్టింది. పోనీ అడుగున ఇంకొన్ని రాళ్లు వేద్దామంటే కింది వరస ఫిరంగి కిటికీలు నీళ్లకి దగ్గరవుతాయి.

అయితే సూత్రం తెలియకపోయినా విషయం తెలియలేదనుకోకండి. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే. బయల్దేరే ముందు రేవులోనే పరీక్ష పెట్టారు: ముప్ఫై మంది డెక్కు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి అడ్డంగా పరుగెత్తాలి. మూడోసారికే ఓడ ఊగిన ఊపు చూసి ఫ్లెమింగ్ అనే నౌకాదళ పెద్ద ఆపమన్నాడు. ఏం ఆపమన్నాడు, ప్రయాణమా? కాదు, పరీక్షని! ఆఫీసుల్లో పనిచేసినవాళ్లెవరికీ ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. రిపోర్టు బాగోలేకపోతే రిపోర్టు రాయడం మానేస్తే సరి.

తర్వాత చిన్న గాలి. ఓడ ఎడమకి ఒరిగింది, వందనం పేల్చడానికి తెరిచి ఉంచిన కిటికీల్లోంచి నీళ్లు లోపలికొచ్చేశాయి. సుమారు ముప్ఫై మంది పోయారు, సిబ్బంది కుటుంబాలవాళ్లు కూడా ఉన్నారు, అది నవ్వాల్సిన సంగతి కాదు. నవ్వొచ్చేది విచారణ. కెప్టెన్ ఫిరంగులు గట్టిగానే కట్టామన్నాడు, ఓడ కట్టినవాళ్లు రాజుగారు ఒప్పుకున్న కొలతలే అన్నారు, అసలు మేస్త్రీ హెన్రిక్ హ్యూబెర్ట్‌సన్ అంతకు ముందే 1627లో చనిపోయాడు. మరి ఎందుకు మునిగిందంటే, దేవుడికే తెలియాలన్నారు. రాజుదాకా పోయే ధైర్యం ఎవరికుంది? ఒక్కరికీ శిక్ష పడలేదు, ఫైలు మూసేశారు.

ఇప్పుడు బుద్ధిమంతుల సంగతి. వాసా తర్వాత అదే రేవులో ఎప్లెట్ అనే ఓడ 1629లో నీళ్లలోకి దిగింది. దీన్ని కాస్త వెడల్పుగా కట్టారు. ఇందులో కిటుకు ఉంది: పొడవూ లోతూ అలాగే ఉంచి వెడల్పు పదో వంతు పెంచితే, బీకీ ఎంకీ మధ్య దూరం ఐదో వంతుకి పైగా పెరుగుతుంది. ఇంత చిన్న మార్పుతో ఆ ఓడ మునగలేదు. ముప్ఫై ఏళ్లు పనిచేసింది, పనికిరాని ముసలిదయ్యాక 1659లో శత్రువుల దారికి అడ్డంగా వాక్స్‌హోమ్ దగ్గర స్వీడన్ వాళ్లే ముంచేశారు.

మ్యూజియం కట్టారా? లేదు. 2021లో గజ ఈతగాళ్లకి నీటి అడుగున దొరికితే, మరుసటి ఏడాది పరిశోధకులు చెక్క ముక్కలు పరీక్షించి అదేనని తేల్చారు. ముప్ఫై ఏళ్లు నిటారుగా నిలబడిన ఆ ఓడ అప్పుడు లోకమంతా వార్తల్లోకి ఎక్కింది, కానీ ఏమని? వాసాగారి చెల్లెలు దొరికిందని.