షాకులు సుఖం కోసమే అన్నవారికి

పాత జీపులున్న మా కావలి, కందుకూరు మిత్రులను ఎవరు పుట్టించారో తెలియని ఒక వాట్సాప్ సందేశం పట్టుకుని వదలడం లేదు. పొద్దున లేచేసరికి ఎవరో ఒకరు మళ్లీ పంపి ఉంటారు, కింద ‘అందరికీ పంపండి’ అన్న తోకతో. దాని సారాంశం ఇది. షాక్ అబ్జార్బర్లు కూర్చున్నవారి సుఖానికే, కాబట్టి రొయ్యల చెరువుగట్ల మీద, క్వారీల్లో తిరిగే బండికి తీసేసినా నష్టం లేదు. బానెట్ నొక్కి వదిలితే ఊగకపోతే షాకులు బాగున్నట్టే. నూనె కారిపోయిన షాకుకు చిల్లు పెట్టి, ఇంజిన్ ఆయిల్ పోసి, వెల్డింగ్ చేస్తే కొత్తదవుతుంది. కుంగిన కమాన్ కట్టను, అంటే ఇరుసు దగ్గర బండి బరువు మోసే వంపు ఉక్కు పట్టీల దొంతరను, గ్యాసు మంటతో కాల్చి వంచాలి, లేదా రెండు పట్టీలు అదనంగా వేయాలి. ఒక పక్క పోతే ఆ ఒక్కటే మార్చాలి. ముందు బుష్షులు, అంటే బిగింపుల దగ్గరి రబ్బరు ముక్కలు, చూసుకోవాలి, విదేశీ సస్పెన్షన్ కిట్ల జోలికి పోవద్దు. పంపేవారిలో ఇంజినీరింగ్ చదివినవారూ ఉన్నారు. అదే నాకు మింగుడుపడనిది.

అన్నిటికన్నా ప్రమాదం మొదటి మాటలోనే ఉంది. కమాన్ కట్ట బరువు మోస్తుంది. గతుకు తగిలినప్పుడు వంగి ఆ దెబ్బను తనలో దాచుకుంటుంది, మరుక్షణమే తిరిగి విసురుతుంది. ఆ విసురును చంపడమే షాకు పని. దాని లోపల పిస్టన్ నూనెను సన్నటి రంధ్రాల గుండా నెడుతుంది, ఊపు వేడిగా మారిపోతుంది. నమ్మకం కుదరకపోతే గతుకుల గ్రావెల్ రోడ్డు మీద కాసేపు నడిపి, ఆపి, నాలుగు షాకులనూ చేత్తో తాకి చూడండి. పనిచేస్తున్నది వెచ్చగా ఉంటుంది. పనిచేయనిది చల్లగా ఉండిపోతుంది.

షాకు లేని చక్రం గతుకు మీద నుంచి లేచి, పడి, మళ్లీ లేస్తుంది. గాలిలో ఉన్న చక్రాన్ని బ్రేకు ఎంత గట్టిగా పట్టుకుంటే మాత్రం బండి ఆగుతుందా? టైరు నేలను తాకినంతసేపే బ్రేకు, తాకినంతసేపే స్టీరింగు. మేత బస్తాలు వేసుకుని చెరువుల నుంచి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కిన జీపు, ముందు లారీ హఠాత్తుగా ఆగినప్పుడు ఎక్కడ ఆగుతుందో తేల్చేది ఇదే. ఉదయగిరి వైపు ఘాట్ మలుపులో కంకర మీద వెనుక చక్రాలు పక్కకు జారేదీ ఇందుకే. స్టీరింగు పట్టుకున్నవాడికైనా పట్టు ఉంటుంది. వెనుక అడ్డబల్లల మీద ఎదురెదురుగా కూర్చున్న కూలీలకు ఏముంది? షాకుల డబ్బు మిగిలేది యజమానికి, నడుములు విరిగేది వాళ్లకు. దీన్ని పొదుపు అనడానికి నోరెలా వచ్చిందో నాకు అర్థం కాదు.

షాకులు పోయాయని టైరే చెబుతుంది. అరచేయి ఆనించి చుట్టూ నిమిరితే అక్కడక్కడా గుంట, పక్కనే మిట్ట తగులుతాయి. చక్రం ఎగిరి పడిన చోటల్లా రబ్బరు అరిగిపోయిన గుర్తులు అవి.

బానెట్ నొక్కే పరీక్ష కార్లకు కొంతవరకు పనికొస్తుంది. మేజర్, కమాండర్, జిప్సీ లాంటి పాత బండ్లకు ముందూ వెనుకా కమాన్ కట్టలే. సముద్రపు ఉప్పుగాలికి, రొయ్యల చెరువుల తేమకు వాటి పట్టీలు తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి. మనిషి బరువుకు అవి కదలనే కదలవు. ఊగలేదంటే షాకు బాగుందనే కాదు, కట్ట బిగుసుకుపోయి ఉండవచ్చు.

ఇక చిల్లు, వెల్డింగ్. షాకులో ఉండేది పలుచటి హైడ్రాలిక్ నూనె. చిక్కటి ఇంజిన్ ఆయిల్ ఆ రంధ్రాల్లో ఆ పని చేయదు. పైగా నూనె కారేది రాడ్డు దగ్గరి సీలు నుంచి. మీరు అతుకు వేసేది గొట్టానికి. సీలు అలాగే ఉంటే పోసిన నూనె మళ్లీ కారదా? గ్యాస్ షాకైతే లోపల ఒత్తిడిలో నైట్రోజన్ ఉంటుంది. దానికి చిల్లు పెట్టడమే ప్రమాదం. ఇక నూనె నిండిన, మూసి ఉన్న గొట్టం మీద వెల్డింగ్ మంట పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. షెడ్డులో పనిచేసే కుర్రవాడి ముఖం మీద అది పేలితే ఈ సందేశం రాసినవాడు ఆసుపత్రికి వస్తాడా?

కమాన్ పట్టీలకు ఉన్న వంపు బలమంతా వేడి చేసి, చల్లార్చి, మళ్లీ పదును పెట్టడం వల్ల వచ్చినది. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చితే ఆ పదును పోతుంది. లోడు పడగానే మళ్లీ కుంగుతుంది, కాల్చి నీళ్లలో ముంచితే విరిగినా విరుగుతుంది. పని తెలిసిన కమాన్ మేస్త్రి కట్ట విప్పి, పగుళ్లున్న పట్టీలు తీసేసి, మంట లేకుండా సుత్తితో వంపు తిరిగి తెస్తాడు. అది వేరే విద్య, దానికి నేను నమస్కరిస్తాను. అదనపు పట్టీలు వేస్తే ఖాళీ బండి ఇంకా ఎగురుతుంది, దెబ్బంతా పాత ఛాసిస్‌కు చేరుతుంది. బండి ఎత్తు పెరిగితే పాత షాకు పొడవు చాలక, చక్రం కిందికి జారిన ప్రతిసారీ దాని బిగింపు ఊడేలా లాగుతుంది.

ఒక పక్కే మార్చడమా? ఒకే ఇరుసుకు ఒకవైపు బిగువు, ఒకవైపు వదులు ఎవరైనా పెట్టుకుంటారా? జతగా మార్చాలి, అంతే.

విదేశీ కిట్ల సంగతిలో మాత్రం సందేశం చెప్పింది అక్షరాలా నిజం. మన పనులకు కంపెనీ కొలతల్లో దొరికే మామూలు షాకులు, కొత్త కట్టలు చాలు. బుష్షుల మాట ఇంకా నిజం. షాకులు పోయాయని షెడ్డుకు తెచ్చే ఎన్నో బండ్లలో లటలట చప్పుడు వచ్చేది అరిగిన బుష్షులు, కట్ట చివరను ఛాసిస్‌కు తగిలించే షాకిల్ పిన్నుల నుంచే. చవకైన ఆ రబ్బరు ముక్కలు ముందు మార్చి చూడమనడం మంచి సలహా, నేనూ అదే చెబుతాను.

కట్టలు మార్చేటప్పుడు జాకీని నమ్మి కిందకు దూరకండి. ఇటుకలు, రాళ్లు కాకుండా ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టండి. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టుల్లో ఒకసారి సాగిన పాతవి మళ్లీ వాడకండి. రబ్బరు బుష్షుల బోల్టులు బండి నేల మీద నిలిచి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించండి. అవి వదులైతే పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగి ఇరుసు పక్కకు జరుగుతుంది. ఇంత పొడుగు సందేశంలో ఈ మాట ఒక్క చోటా లేదు.