లేత నీలం మూత ట్యూబులో ఉన్నదీ అదే

మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో పిన్ని ఒక ఫొటో పెట్టింది. ఏదో తినే ప్యాకెట్ వెనక 'ఈ331' (E331) అన్న కోడ్ దగ్గర ఎర్ర గీత, కింద 'ఇది విషం, పిల్లలకు పెట్టకండి' అని. ఇలాంటివి చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

పిన్నీ, ఈ331 అంటే సోడియం సిట్రేట్. నిమ్మకాయకు పులుపునిచ్చే సిట్రిక్ యాసిడ్ ఉంది చూడు, దాని లవణం. మన కణాలు తిండి నుంచి శక్తి తీసే క్రమంలో సిట్రేట్‌ను రోజూ తయారు చేసుకుంటూనే ఉంటాయి. నిరుడు నీకు విరేచనాలు పట్టుకున్నప్పుడు తాగిన ఓఆర్‌ఎస్‌లో కూడా ఉంది, లీటరుకు 2.9 గ్రాములు. ఒకప్పుడు దాని బదులు వంటసోడా, అంటే సోడియం బైకార్బొనేట్, వేసేవారు. ఆ పొడి తేమకు త్వరగా పాడయ్యేది, సిట్రేట్ వేస్తే నిలవ ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక అది ఎలాగూ బైకార్బొనేట్‌గానే మారుతుంది.

ప్రాసెస్డ్ చీజ్ నూనె విడిపోకుండా నున్నగా కరిగేదీ దీనివల్లే. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. దీని బరువులో దాదాపు నాలుగో వంతు సోడియమే. బీపీ, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు ఆ లెక్క చూసుకోవాల్సిందే. అది జాగ్రత్త. విషం అనడం అబద్ధం.

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, అమ్మ రక్తం పలచబడే మందు వాడుతోంది. గడ్డకట్టే సమయం చూసే పరీక్షకు లేత నీలం మూత ట్యూబులో రక్తం తీస్తారు. అడుగున నీళ్లలా కనిపించేది 3.2 శాతం సోడియం సిట్రేట్. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి, సిట్రేట్ దాన్ని పట్టేసుకుంటుంది. ల్యాబ్‌లో మళ్లీ కాల్షియం కలిపి, ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో కొలుస్తారు. అందుకే 9 వంతుల రక్తానికి 1 వంతు సిట్రేట్ అన్న లెక్క తప్పకూడదు. పోయిన నెల అమ్మకు నరం సరిగ్గా దొరకలేదు. ట్యూబు గీత దాకా నిండకుండానే సూది తీసేశారు. సాయంత్రం ఫోన్: శాంపిల్ పనికిరాదు, మళ్లీ రండి.

నేను ముందు కోప్పడ్డాను. తర్వాత అర్థమైంది. రక్తం తక్కువైతే మిగిలిపోయిన సిట్రేట్ ల్యాబ్‌లో కలిపే కాల్షియాన్ని కూడా పట్టుకుంటుంది, సమయం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ రిపోర్టు నమ్మి మందు తగ్గిస్తే అమ్మ గతి ఏంటి? వెనక్కి పంపిన ల్యాబ్‌వాళ్లకు దండం పెట్టాలి. గీత దాకా నింపకుండా వదిలేసిన వాళ్ల మీదే నా కోపమంతా.

రక్తమార్పిడికి కూడా ఇదే దారి చూపింది. 1914లో బెల్జియంలో హస్టిన్, అర్జెంటీనాలో అగోటే అనే డాక్టర్లు సిట్రేట్ కలిపిన రక్తం ఎక్కించారు. 1915లో న్యూయార్క్‌లో లూయిసన్ అనే డాక్టరు, రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి 0.2 శాతం సిట్రేట్ చాలని తేల్చాడు. అంతకుముందు రక్తం ఇచ్చే మనిషి, ఎక్కించుకునే మనిషి పక్కపక్కనే ఉండాల్సి వచ్చేది.

మర్నాడు అమ్మకు రెండో చేతికి తీశారు. రక్తం గీత తాకేదాకా నేను ట్యూబు మీద నుంచి చూపు తిప్పలేదు.