షార్ట్ సర్క్యూట్ తరఫున వకాల్తా

అయ్యా, నా క్లయింటు పేరు షార్ట్ సర్క్యూట్. తండ్రి పేరు తెలియదు. చిరునామా ఊరూరా ఉంది. వృత్తి, ముద్దాయిగా నిలబడటం. గోడౌను తగలబడినా, బట్టల షాపు బూడిదైనా, ఆసుపత్రిలో పొగ కమ్మినా ఫైరింజను ఇంకా ట్రాఫిక్‌లో ఉండగానే టీవీ కింద స్క్రోలింగులో ఇతని పేరు పరిగెడుతుంది: ‘షార్ట్ సర్క్యూటే కారణమని అనుమానం.’ ఇన్నేళ్లలో ఇన్ని కేసుల్లో పేరు పడినా ఇతన్ని ఒక్కసారీ అరెస్టు చేయలేదు, ఒక్క వాంగ్మూలం తీసుకోలేదు. తీసుకోమని అడిగినవాడూ లేడు. ఇతని మీద నేరం మోపితే ఎవరికీ నష్టం లేదు మరి. బిల్డరుకి లేదు, ఓనరుకి లేదు, కాగితం మీద సంతకం పెట్టినవాళ్లకి అసలే లేదు. ఇంతమందికి ఇంతగా పనికొచ్చే ముద్దాయికి ఒక వకీలైనా లేకపోవడం అన్యాయమనిపించి నేనే ముందుకొచ్చాను. ఫీజు అడగలేదు. ఇస్తానన్నా ఇతని చేతి మీదుగా తీసుకునే ధైర్యం నాకు లేదు.

ముందు నేరం జరిగిన తీరు చూద్దాం. ఫేజు తీగ, న్యూట్రల్ తీగ మధ్యలో ఏ అడ్డూ లేకుండా తగిలితే అదే నా క్లయింటు. ఆ క్షణాన కరెంటు మామూలు కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. బోర్డులో సరైన ఎంసీబీ, అంటే కరెంటు హద్దు మీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు, ఉంటే సెకనులో పదోవంతు గడవకముందే టప్పున పడిపోతుంది. అంటే నా క్లయింటు ఆయుష్షు రెప్పపాటు. ఆ రెప్పపాటులో మూడంతస్తులు కాల్చేశాడంటే, ఎంసీబీ ఆ సమయానికి ఎక్కడుంది, ఏ రేటింగుది, ఎవరు పెట్టారు అని అడగాలా వద్దా? ఎవరూ అడగరు. అడిగితే జవాబు చెప్పాల్సినవాళ్లకి ప్రాణం ఉంటుంది, ఇంటి పేరు ఉంటుంది, ఒక్కోసారి పలుకుబడీ ఉంటుంది.

అసలు పనిమంతుడు వేరే ఉన్నాడు. అతని పేరు లూజ్ కనెక్షన్. స్క్రూ సరిగ్గా బిగించని సాకెట్టు, ఇన్సులేషన్ టేపుతో ముడేసి గోడలోకి తోసేసిన జాయింటు, ట్యూబులైటు కోసం వేసిన సన్న వైరు మీద నడుస్తున్న గీజరు. ఇలాంటి చోట్ల కరెంటు ఒక్కసారిగా ఎగిసిపడదు కాబట్టి ఎంసీబీకి కబురందదు. తీగ మాత్రం రోజూ కాస్త కాస్త వేడెక్కుతూ ఉంటుంది. ముందు సాకెట్టు పసుపుపచ్చగా మారుతుంది, తరవాత గోధుమ రంగుకి తిరుగుతుంది, ఆ పైన చేపలు మాడిన వాసన వేస్తుంది. ప్లాస్టిక్ వేడెక్కితే వచ్చే వాసన అది. శాకాహారుల ఇంట్లో చేపల వాసనొస్తే పక్క ఫ్లాటువాళ్లని అనుమానిస్తారు గానీ స్విచ్‌బోర్డుని అనుమానించరు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు గొడవ నడుస్తుంది. బోర్డు దాని పని అది చేసుకుపోతుంది.

ఇంకో సంగతి కోర్టువారు గమనించాలి. మంట ఎలా మొదలైనా సరే, అది తీగల దాకా వచ్చాక పైనున్న తొడుగు కరిగిపోతుంది, రాగితీగలు ఒకదానికొకటి తగులుతాయి, నా క్లయింటు అప్పుడు పుడతాడు. అంటే చాలా సందర్భాల్లో ఇతను మంటకి కారకుడు కాదు, మంట వల్ల పుట్టినవాడు. కరిగిన రాగి చిన్న పూసలా గడ్డకట్టి దొరుకుతుంది. ఆ పూస మంటకి ముందుదా తరవాతదా తేల్చడం నిపుణులకే కష్టమైన పని. మనకి కష్టం లేదు. పూస దొరికింది, దొంగ దొరికాడు, ఫైలు మూసేశాం. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, ఇక్కడైతే చెట్టు తగలబడ్డాక పుట్టినవాడికి కూడా తాగుబోతు ముద్రే.

2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు చనిపోయారు. 2025 మేలో హైదరాబాద్ గుల్జార్ హౌజ్ ఇంట్లో పిల్లలతో సహా 17 మంది. రెండు చోట్లా మొదట వినిపించింది నా క్లయింటు పేరే. ఇక్కడ వేళాకోళం చేయడానికి నాకు నోరు రాదు. ఒక్కటే చెబుతాను. అంతమంది చనిపోయిన చోట ‘షార్ట్ సర్క్యూట్’ అన్నది కారణమే అయినా సమాధానం కాదు.

ఇక కాగితాల సంగతి. మనకి చట్టం లేదనుకునేరు, భేషుగ్గా ఉంది. 2003 విద్యుత్ చట్టం ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది, 2023లో వాటి స్థానంలో కొత్తవి తెచ్చింది. 15 మీటర్లు దాటిన భవనానికి కరెంటు ఇచ్చే ముందు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకి నోటీసివ్వాలి, ఆయన ఆమోదం తీసుకోవాలి. తరవాత కూడా గరిష్ఠంగా ఐదేళ్లకోసారి తనిఖీ, పరీక్ష జరగాలి. చిన్న ఇళ్ల మాటేమిటంటారా? ప్రభుత్వం నోటిఫై చేసిన ఓల్టేజి వరకు స్వీయ ధ్రువీకరణ సరిపోతుంది. ఇంటి యజమానే తన వైరింగుని పరీక్షించి, బాగానే ఉందని తానే సంతకం పెట్టాలి. తెలుగువాడి నిజాయితీ మీద ఢిల్లీ వాళ్లకి ఇంత నమ్మకం ఉందని ఈ నిబంధన చదివేదాకా నాకు తెలియదు. యజమానికి సాయంగా చార్టర్డ్ ఎలక్ట్రికల్ సేఫ్టీ ఇంజనీర్ అనే హోదా కూడా 2018లో సృష్టించారు. ఈ పేరు మీ అపార్ట్‌మెంటు మీటింగులో ఎత్తి చూడండి, బీ బ్లాకులో కొత్తగా దిగినాయన అనుకుంటారు.

కొత్త కనెక్షనుకి లైసెన్సున్న కాంట్రాక్టరు టెస్ట్ రిపోర్టు ఇవ్వాలి. నిబంధన ప్రకారం 500 ఓల్టుల డీసీని ఒక నిమిషం పాటు ఇచ్చి చూస్తే ఇన్సులేషన్ రెసిస్టెన్సు, అంటే కరెంటు బయటికి కారకుండా తీగ తొడుగు ఆపే శక్తి, 1 మెగా ఓమ్ కంటే తగ్గకూడదు. దీన్ని రెండు రకాలుగా సాధించవచ్చు. దాన్ని కొలిచే మెగ్గర్ అనే పరికరం తెచ్చి, బల్బులూ పరికరాలూ విప్పి, సర్క్యూటు సర్క్యూటుకీ కొలవడం ఒక పద్ధతి. తగ్గకూడదన్న అంకె కంటే కాస్త పెద్ద అంకె ఫారంలో వేసి ముద్ర కొట్టడం రెండోది. రెండో పద్ధతిలో ఇన్సులేషన్ ఎప్పుడూ ఫెయిల్ కాదు. రిపోర్టు అందుకున్నవాళ్లు దాన్ని ఫైల్లో పెట్టి, ఫైలుని ర్యాకులో పెట్టి, ర్యాకుని మీటర్ల గదిలో పెడతారు. అది ఎండిన కాగితం, కాలడానికి అన్ని అర్హతలూ ఉన్నాయి.

ఆ మీటర్ల గదిలోకి ఒకసారి రండి. సెల్లార్లో లిఫ్టు పక్కన ఉంటుంది. నలభై మీటర్లు, వాటి కింద ఎవరో అమెరికా వెళ్తూ వదిలేసిన పరుపు, రెండు టీవీ అట్టపెట్టెలు, వినాయక చవితి పందిరి గుడ్డలు, పెయింటు డబ్బా. కామన్ మీటరు నుంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకి వాచ్‌మన్ రైస్ కుక్కరు, దాని పక్క సాకెట్టుకి మూడో అంతస్తు ఎలక్ట్రిక్ స్కూటరు ఛార్జరు. ఛార్జరుది త్రీ పిన్, సాకెట్టుది టూ పిన్. అందుకని ఫేజు, న్యూట్రల్ తీగలు రెండూ ఒలిచి, సాకెట్టు రంధ్రాల్లో దూర్చి, జారిపోకుండా అగ్గిపుల్లలు బిగించారు. ఎర్తు తీగ మర్యాదగా మడిచి పక్కన పెట్టి ఉంది. చవితికి ఎర్ర సీరియల్ బల్బులూ ఇక్కడి నుంచే వెళ్తాయి. నా క్లయింటు ఈ గదిలోకి పిలవకుండా వచ్చాడని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. బొట్టు పెట్టి మరీ పిలిచారు.

పైన ఫ్లాట్లలో ఇంకా గొప్ప కథ. ఇళ్లలో 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే సప్లై కట్ చేసే ఆర్‌సీసీబీ ఉండాలన్నది నియమం. అంతకు మించిన కరెంటు ఒంట్లోంచి పోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కాబట్టి ఆ అంకె. దాని మీద ‘టి’ అని, అంటే టెస్ట్ అని, చిన్న బటను ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కినవాళ్లని నేనింకా కలవలేదు. వానాకాలం వచ్చేసరికి గీజరు ఎలిమెంటు పాడై ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంది. ఎలక్ట్రీషియన్ వస్తాడు.

“ఏంటి బాబూ ప్రాబ్లం?”

“ట్రిప్పర్ వీకైంది మేడమ్. తీసేసి డైరెక్ట్ చేశాను. ఇంక పడదు.”

“హమ్మయ్య! స్నానం మధ్యలో పోతుంటే టెన్షనయ్యేది.”

మూడు వందలు చేతిలో పడ్డాయి. చెడిపోయిన గీజరు ఉద్యోగంలో కొనసాగింది, నిజం చెప్పిన పరికరం ఇంటికెళ్లిపోయింది. ఆ సాయంత్రమే యజమానుల సంతకంతో స్వీయ ధ్రువీకరణ అడిగినా ఇంట్లో అంతా బాగానే ఉందని మనస్ఫూర్తిగా రాసిస్తారు.

ఇంగ్లండులో అద్దె ఇళ్లకి 2020లో నిబంధనలు పెట్టారు. అర్హతున్న మనిషి కనీసం ఐదేళ్లకోసారి వైరింగంతా పరీక్షించి రిపోర్టివ్వాలి, అద్దెకున్నవాళ్లకి దాని కాపీ అందాలి. ప్రమాదమని రాస్తే 28 రోజుల్లో బాగుచేయించాలి, లేకపోతే 30 వేల పౌండ్ల దాకా జరిమానా అని మొదట్లోనే పెట్టారు. అక్కడ చదువుకోవడానికెళ్లి గదులు అద్దెకు తీసుకునే మన పిల్లలకి ఈ రిపోర్టు అందుతుంది. వాళ్ల నాన్న ఇక్కడ మూడు పోర్షన్లు అద్దెకిచ్చి, మూడింటికీ ఒకటే సబ్‌మీటరు, ఒకటే న్యూట్రల్ లాగాడు. ఆయన్ని రిపోర్టు అడగండి, ‘ఇష్టమైతే ఉండండి, లేకపోతే ఖాళీ చేయండి’ అంటాడు.

మన ఇళ్లకి స్వతంత్ర తనిఖీ బొత్తిగా లేదనడం మాత్రం దుష్ప్రచారం. వాస్తు సిద్ధాంతి ఉన్నాడు. బిల్డరు తరఫు మనిషి కాదు, స్వయంగా వస్తాడు, దిక్సూచి వెంట తెచ్చుకుంటాడు, గదిగదీ తిరిగి కొలుస్తాడు, లోపం మొహం మీదే చెబుతాడు. ఈశాన్యంలో బాత్రూమ్ ఉంది, పగలగొట్టమంటాడు. లక్షలు పోసి కట్టిన గోడని యజమాని మారుమాట్లాడకుండా పగలగొట్టిస్తాడు. మీటరు బోర్డు ఆగ్నేయంలో ఉంటే సిద్ధాంతికి పరమానందం, అగ్నిమూలలో అగ్ని సాధనం ఉందని మెచ్చుకుంటాడు. బోర్డు మూత తీసి లోపల చూడడు, అది ఆయన సబ్జెక్టు కాదు. అదే పద్ధతిలో ఒక ఇంజనీరు మెగ్గర్ పట్టుకొచ్చి పది మీటర్ల వైరు మార్చమన్నాడనుకోండి, ‘వీడికి వైరు షాపు వాడితో కమీషనుంది’ అని ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా తేల్చేస్తారు. ప్రభుత్వం కొత్త చట్టాలు చేసే శ్రమ మానుకుని, ఇన్సులేషన్ చెడితే కుజదోషమని పంచాంగంలో ఒక్క వాక్యం వేయిస్తే ఆరు నెలల్లో రెండు రాష్ట్రాల వైరింగూ కొత్తదైపోతుంది.

కాబట్టి నా ప్రార్థన ఇది. నా క్లయింటుని విడుదల చేయమని అడగను, ఎప్పుడూ లోపలేస్తేగా విడుదల చేయడానికి. ఇకపై ఏ అగ్నిప్రమాదంలో ఇతని పేరు రాసినా, పక్కనే సహముద్దాయిల పేర్లు కూడా రాయాలి: ఎంసీబీ రేటింగు ఎంచినవారు, టెస్ట్ రిపోర్టు మీద సంతకం చేసినవారు, ఆర్‌సీసీబీని డైరెక్ట్ చేసినవారు, చేయించుకున్నవారు, ఐదేళ్ల తనిఖీ గడువు దాటినా మీటర్ల గది తాళం తీయనివారు. సాక్షిగా ‘టి’ బటనుని పిలిపించాలి. ఎవరూ నొక్కలేదు కాబట్టి ఎటువంటి ఒత్తిడీ లేకుండా సాక్ష్యం చెబుతుంది.

వాయిదా మాత్రం ఏప్రిల్, మే నెలల్లో వేయొద్దని మనవి. మూడు కిలోవాట్ల శాంక్షన్ లోడ్ మీద నాలుగు ఏసీలు నడిచే ఆ సీజనులో నా క్లయింటుకి కోర్టుకొచ్చే తీరిక ఉండదు.