మీరు పోయాక నేను గొప్ప ఫోటోగ్రాఫర్ని అయ్యాను

మహారాజశ్రీ అచ్చు ఫోటోగ్రఫీ మాసపత్రిక గారి దివ్య సముఖమునకు,

మీ పాత పాఠకుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాదే కానీ, మీరు పోయిన సంగతి ఊరందరికీ తెలిసిందే కాబట్టి ఆ అబద్ధం ఎందుకులే అని వదిలేస్తున్నాను.

ముందు శుభవార్త. మీరు పోయాక నేను గొప్ప ఫోటోగ్రాఫర్ని అయ్యాను. నిజమండీ. నా అంతట నేను అనుకోవడం కాదు, అందరూ అంటున్నారు. పొద్దున్నే కాఫీ గ్లాసు ఫోటో తీసి పెడితే సాయంత్రానికి ‘సూపర్ అన్నా’లు నలభై, ‘నైస్ క్లిక్’లు పాతిక, మండే నిప్పు బొమ్మలు లెక్కలేనన్ని. మా తోడల్లుడైతే వాళ్ల ఫోన్లో ఫోటో పూర్తిగా తెరుచుకోకముందే చప్పట్లు కొట్టేస్తాడు. నేను మిమ్మల్ని చదివిన ఇరవై ఏళ్లలో నాకొచ్చిన మెచ్చుకోళ్లన్నీ పోగేసినా ఇప్పుడు ఒక్క ఆదివారం వచ్చే వాటిలో సగం కూడా అవ్వవు.

అంచేత మీరు పోవడం వల్ల నాకు లాభమే జరిగింది, ఈ ఉత్తరం థాంక్స్ చెప్పడానికే. మధ్యలో మాట అటూ ఇటూ పోతే ఏమీ అనుకోకండి.

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. కానీ మీరూ తక్కువ తిన్నవాళ్లేం కాదు. ప్రతినెలా అట్ట మీద ఒకటే పాట: కొత్త కెమెరా వచ్చింది, పాతదాన్ని ఇక అటక ఎక్కించండి. పోయిన నెల మీరే ‘ఇంతకు మించినది లేదు’ అన్న కెమెరా గురించి ఈ నెల ‘అప్పట్లో పర్వాలేదు’ అనేవారు, కళ్లార్పకుండా. లోపల సగం ప్రకటనలే. అమెరికా నుంచి వచ్చే పాపులర్ ఫోటోగ్రఫీలో అయితే చివరి పేజీలన్నీ న్యూయార్క్ కొట్లవాళ్ల ధరల పట్టికలు, చీమల బారుల్లాంటి అక్షరాలు. నేను వాటిని కూడా వదిలేవాణ్ణి కాదు. డాలర్లని రూపాయల్లోకి మార్చి, దానికి కస్టమ్స్ కలిపి, వచ్చినదాన్ని నా జీతంతో భాగించి, ఎన్ని నెలలు అన్నం మానేస్తే ఆ లెన్సు ఇంటికొస్తుందో లెక్కేసుకుని అప్పుడు పేజీ తిప్పేవాణ్ణి. ఇప్పుడు చూసుకుంటే మీ మొత్తం సంచికలో నేను అన్నిటికంటే శ్రద్ధగా చదివింది ఆ పట్టికలే, పంచాంగం చదివినట్టు.

మీరు నాకు దొరికేది అబిడ్స్‌లో, ఆదివారం, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో. మూడేళ్ల పాత సంచిక, అట్ట మీద ఎవరిదో టీ గ్లాసు గుండ్రటి మరక. అతను పదిహేను అంటే నేను పది అని, చివరికి పన్నెండుకి తెగేది. మూడేళ్ల పాత కెమెరా కూడా నాకు అందని కొత్తదే కాబట్టి సంచిక పాతదైనా నాకేం తేడా ఉండేది కాదు. ఒక్కోసారి ముందు చదివినాయన పెన్సిల్‌తో మార్జిన్లో టిక్కులు పెట్టి ఉండేవాడు. ఓ ఫోటో పక్కన మాత్రం టిక్కు లేదు, పెద్ద ప్రశ్నార్థకం. ఆయనెవరో, ఏ ఊరో తెలియదు. ఆ ప్రశ్నార్థకం ఎందుకు పెట్టాడా అని నేను ఆ ఫోటోని చూసినంతసేపు మా పెళ్లి ఆల్బమ్ కూడా చూడలేదు (ఈ ముక్క మా ఆవిడకి చూపించవద్దు).

ఇక మీ పాఠాలు. అవన్నీ ఆ దేశపు పాఠాలు. అక్టోబరు వచ్చిందంటే ఆకులు ఎర్రబడే అడవుల్ని ఎలా తీయాలో చెప్పేవారు, మాకేమో అక్టోబరులో ఎర్రబడేవి వానకి తడిసిన కళ్లు. ఫిల్ము కడిగే మందు, డెవలపర్ డీ-76ని 68 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర వాడమనేవారు, అంటే మన లెక్కలో 20. మే నెలలో మా కుళాయి తిప్పితే వచ్చేది దాదాపు టీ నీళ్లు. పక్కింటి పిన్నిగారి ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు అడిగి తెచ్చుకుని, బకెట్లో పోసి, అందులో డబ్బా కూర్చోబెట్టి, జ్వరం చూసే థర్మామీటర్ అంత కిందకి చూపించదని అప్పుడు తెలిసి... సరే, ఆ కథ ఎందుకు. జీరో బల్బుకి ఎర్ర కాగితం చుట్టిన మా బాత్‌రూమే డార్క్‌రూమ్. నేను లోపలుంటే బయట మా నాన్నగారు తలుపు కొట్టేవారు. ఆయన అవసరం ఆయనది.

డిసెంబరు సంచికలో మంచు పాఠం వచ్చేది. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఓ మొద్దు, దానికి లోకమంతా బూడిద రంగే, తెల్లటి మంచు చూపిస్తే వెలుగు మరీ ఎక్కువైందని కంగారుపడి తగ్గించేస్తుంది, అప్పుడు మంచు కాస్తా మసిగుడ్డలా వస్తుంది, కాబట్టి అది చెప్పినదానికంటే ఒకటో ఒకటిన్నరో స్టాప్ ఎక్కువ వెలుగివ్వండి అని. నేను జన్మలో మంచు చూసినవాణ్ణి కాను. ఆ పిన్నిగారి ఫ్రిజ్ పై అరలో తప్ప. అయినా చదివాను, డబ్బులిచ్చి కొన్నాను కదా.

తర్వాత ఓ జనవరిలో వరంగల్ వెళ్లినప్పుడు ఎనుమాముల మార్కెట్ యార్డులో అడుగుపెడితే, ఎదురుగా మంచు. పత్తి. మనిషెత్తు గుట్టలు, మిట్టమధ్యాహ్నం ఎండ, కళ్లు చికిలించుకోకుండా చూడలేం. ఓ గుట్ట మీద తువ్వాలు తలకి చుట్టుకుని ఓ పెద్దాయన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు, ధర తేలేదాకా అక్కడే అన్నట్టు. లెన్సు రంధ్రం ఎఫ్ 11 దగ్గర పెట్టి చూస్తే మీటర్ సూది ఐదువందలు అంది, అంటే సెకనులో ఐదువందలో వంతు. నాకు మీరు గుర్తొచ్చారు. డయల్ రెండువందల యాభైకి, అంటే ఒక స్టాప్ ఎక్కువకి, రెట్టింపు వెలుగుకి తిప్పి నొక్కాను.

ఆ రాత్రి ట్రేలో ‘ఇందు’ ఫోటో కాగితం (ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వాళ్లు చేసేవారు, మా బోటి వాళ్లకి అదే దిక్కు) మీద ముందు ఆయన తువ్వాలు, తర్వాత మొహంలో ముడతలు, ఆ తర్వాత పత్తి మెల్లగా పైకి తేలాయి. పత్తి తెల్లగా ఉంది. తెల్లగా అంటే సున్నం కొట్టినట్టు కాదండీ, పోగు పోగు కనిపిస్తూ తెల్లగా. న్యూయార్క్‌లో చలికి ముడుచుకుని ఎవరో రాసిన మంచు పాఠం, వరంగల్ ఎండలో పత్తికి పనికొచ్చింది. బాత్‌రూమ్‌లో ప్రింటు కడిగే హైపో మందు కంపు మధ్య నిలబడి నేను ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఇంక ఆగుతానా. పది బై ఎనిమిది ప్రింటు వేసి, వెనక పెన్సిల్‌తో పేరు రాసి, అట్టముక్కల మధ్య పెట్టి, తిరుగు తపాలాకి స్టాంపులంటించిన కవరు జతచేసి, మన దేశపు పత్రిక ఒకదానికి పోటీకి పంపాను. పేరెందుకులెండి. నాలుగు నెలలు పోస్ట్‌మ్యాన్‌ని దేవుడిలా చూశాను. నాలుగో నెలలో నా కవరే, నా చేతిరాతతోనే నాకు తిరిగొచ్చింది. లోపల నా ప్రింటు, దానికి గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీ. బాల్‌పెన్నుతో మూడు ముక్కలు రాసి ఉన్నాయి. ఎడమ పక్కన ఆ స్తంభం ఎందుకు? మనిషి పాదాలు ఎందుకు కోసేశారు? ఎక్స్‌పోజర్ బాగుంది. సంతకం కూడా లేదు.

ఒళ్లు మండిపోయింది. వీళ్లకి సిఫార్సులు కావాలని, ఢిల్లీ బొంబాయి వాళ్లవే వేసుకుంటారని కనబడినవాడికల్లా చెప్పాను. వారం రోజులు ఆ ప్రింటు మొహం చూడలేదు. తర్వాత ఓ రోజు ఏదో వెతుకుతుంటే చేతికి తగిలింది, చూస్తే స్తంభం. యార్డు రేకుల షెడ్డుది, నల్లగా, నిలువునా, సగం తెగి. నేను తీసినప్పుడు అది అక్కడ లేదు, ప్రమాణం చేసి చెప్తాను. ఆ చీటీ చదివాకే మొలిచింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా కెమెరా కంటికి పెట్టుకుంటే ముందు నాలుగు మూలలూ చూసి గానీ నొక్కను, ఎవరి కాళ్లూ కొయ్యను.

మొన్న అదే ఫోటోని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టాను. మూడు వందల పన్నెండు హార్ట్‌లు. స్తంభం గురించి ఒక్క మనిషి కూడా అనలేదు. పాదాల సంగతి అసలే లేదు. ‘లెజెండ్’ అన్నారు, ‘ఏ ఫిల్టర్ బ్రో’ అన్నారు. ఒకబ్బాయి అయితే చాలా మర్యాదగా ‘మంచు భలే వచ్చింది సార్, మనాలీనా కాశ్మీరా?’ అని అడిగాడు. నేను మనాలీ అన్నాను. ఏం చెయ్యమంటారు.

సరే, మిమ్మల్ని ఎవరు చంపారనే విషయానికొద్దాం. అందరూ ఫోన్ మీదకి తోస్తారు. నిజమే, జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల్లో 2010లో ప్రపంచం మొత్తానికి పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైచిలుకు, 2020కి అవి 90 లక్షలు కూడా లేవు. మీరు తిన్న తిండి పాఠకుడిచ్చిన చందా కంటే కెమెరా కంపెనీ ఇచ్చిన ప్రకటనది ఎక్కువ. కెమెరా అమ్ముడవకపోతే ప్రకటన ఎక్కడిది, మీకు ముద్ద ఎక్కడిది. మీ వంశంలో ఇది కొత్తేం కాదు, వారం వారం బొమ్మలతో అమెరికాని ఊపేసిన లైఫ్ పత్రిక ప్రకటనల్ని టీవీ లాక్కుపోయాక 1972లోనే వారపత్రికగా మూతపడింది. పాపులర్ ఫోటోగ్రఫీ 1937లో పుట్టి, 2017 మార్చి-ఏప్రిల్ సంచికతో అచ్చు ఆపేసింది. ఎనభై ఏళ్లు, నిండు జీవితమే. కొత్తది వస్తే పాతది దండగ అని మాకు నెలనెలా నూరిపోసింది మీరే కదా, ఆ పాఠం మేం మరీ బాగా ఒంటబట్టించుకున్నాం, అంతే. ఇంగ్లండ్ నుంచి వచ్చే అమెచ్యూర్ ఫోటోగ్రాఫర్ పత్రిక మాత్రం 1884లో పుట్టి ఇంకా అచ్చులోనే ఉంది. అంటే ఇంచుమించు మన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ నిజాం కొలువుకి చేరిన నాటి సరుకు. మొండి ఘటం.

నా పాత్ర కూడా ఉంది, దాచడం దేనికి. అబిడ్స్‌లో సెకండ్‌హ్యాండ్ కొన్నంతకాలం మీకు నా వల్ల దమ్మిడీ రాలేదు. తీరా జీతం పెరిగి చందా కట్టగలిగే రోజు వచ్చేసరికి నెట్‌లో ఊరికే దొరుకుతుంటే డబ్బులెందుకు తగలేయడం అనుకున్నాను. ఓ పత్రికకి రెండేళ్లు కట్టాను గానీ, మూడోసారి పంపిన రెన్యువల్ ఫారం నాలుగు మడతలు పెట్టి ఊగే బల్ల కాలు కింద దూర్చాను. ఆ బల్ల ఇప్పుడు ఊగడం లేదు, ఆ రకంగా మీ సేవ కొనసాగుతూనే ఉంది.

ఇప్పుడు నాకు ఫోటోలకి కరువు లేదు. బొటనవేలు కదిపితే చాలు, ఐస్‌లాండ్, ఆఫ్రికా, ఎవరో అమ్మాయి పెళ్లి, మళ్లీ ఐస్‌లాండ్. ఒక్కోదానికి రెండు సెకన్లు, అరచేయంత సైజు. మీ దగ్గరైతే నడిమి రెండు పేజీలకీ కలిపి ఒకే ఫోటో వేసేవారు, సరిగ్గా ఆ అమ్మాయి ముక్కులోంచి పిన్ను దిగేది, ముక్కుపుడకలాగా. అయినా దాన్ని అరగంట చూసేవాళ్లం. ఎందుకంటే మళ్లీ నెలదాకా ఇంకోటి లేదు. పైగా మీకు చివరి పేజీ అనేది ఉండేది. అది అయిపోతే ఇక చదవడానికేం లేక, చేసేదిలేక కెమెరా పట్టుకుని బయటికెళ్లేవాళ్లం. ఈ ఫోన్‌కి ఆ ఒక్క పేజీ వేయడం మర్చిపోయారు. నేను రాత్రి పదకొండుకి దాన్ని వెతకడం మొదలుపెట్టి ఒంటిగంటకి కూడా గానుగెద్దులా అక్కడే తిరుగుతుంటాను. కెమెరా బ్యాగులో బూజు పట్టిన సంగతి మొన్న దసరాకి ఆయుధపూజ చేద్దామని తీస్తే తెలిసింది.

దసరా అంటే గుర్తొచ్చింది, ఇల్లు దులిపేటప్పుడు మా ఆవిడ మీ సంచికలన్నీ వరండాలోకి చేరవేసి పాత పేపర్లు కొనే అతన్ని పిలిచింది. అతను ఓ సంచిక తిరగేసి, నున్నటి కాగితం మీద వేలితో రుద్ది, పెదవి విరిచాడు. న్యూస్‌పేపర్‌కి వచ్చే రేటు దీనికి రాదట. ‘ఇది నూనె పీల్చదు సార్, మిర్చి బజ్జీ పొట్లానికి కూడా పనికిరాదు’ అన్నాడు. మీ గురించి ఇంత నిర్మొహమాటంగా మాట్లాడిన మనిషిని చూసి చాలా ఏళ్లయింది, టీ ఇచ్చి పంపించాను. సంచికలు ఇవ్వలేదు.

మళ్లీ లోపలికి మోస్తుంటే అందులోంచి ఆ చీటీ జారిపడింది. గుండుసూది తుప్పు పట్టి కాగితానికి ఎర్రగా అంటుకుంది, బాల్‌పెన్ను రాత మాత్రం చెక్కుచెదరలేదు. ఎలాగూ స్కాన్ ఫోన్లో ఉంది కదా అని కూర్చుని సరిదిద్దుదామనుకున్నాను. స్తంభం మీద వేలు పెట్టి రుద్దితే క్షణంలో మాయమైంది, దాని స్థానంలో ఇంకాస్త పత్తి వచ్చింది. పాదాలు కూడా కావాలా అని ఫోన్ తనే అడిగింది. కావాలన్నాను. కింద ఫ్రేము పెంచి, రెండు నిమిషాలు గిరగిరా తిరిగి, ఆ పెద్దాయనకి కాళ్లు మొలిపించింది. శుభ్రమైన కాళ్లు, వాటికి తెల్లటి స్పోర్ట్స్ షూస్, లేసులు కట్టి.

ఇట్లు,
మూడోసారి చందా కట్టని
మీ పాఠకుడు

తా.క.: ఆ షూస్ ఉన్న ప్రింటు ఒకటి వేయించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను, వెనక పెన్సిల్‌తో పేరు రాశాను. తిరుగు తపాలాకి స్టాంపులంటించిన కవరు కూడా జతచేశాను.