కండెన్సర్ తెలుగులో నిండదా?

మొన్న ఆగస్టు 29న ఒడిశాలోని మా పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవం. పద్యాలయ్యాక పిల్లల సైన్సు బల్లల దగ్గరికి వెళ్ళాం. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి 9 వోల్టుల బ్యాటరీకి 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు (కరెంటుకి అడ్డుపడేది), 1000 మైక్రోఫారడ్ల కండెన్సర్ (కరెంటు నింపి దాచుకునేది) వరసగా కలిపి, మీటరు తగిలించింది. స్విచ్ వేసి, "ఆకలి మీద బంతిలో కూర్చున్నాయన మొదట గబగబా తింటాడు, కడుపు నిండేకొద్దీ నెమ్మదిస్తాడు. ఇదీ అంతేనండీ" అంది. పది సెకన్లకి 5.7 వోల్టులు. ఇంకో పదికి 7.8. అంతలో న్యాయనిర్ణేతగా వచ్చిన మన సంఘం పెద్దాయన, "ఇంగ్లీషులో చెప్పమ్మా, సైన్సు కదా!" అన్నారు. పిల్ల గొంతు ఆగిపోయింది. మీటరు మాత్రం ఎక్కుతూనే ఉంది.

ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పి, సవర గిరిజన పిల్లల కోసం వాళ్ళ సవర భాషలో పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి గారి ఫొటోకి అప్పుడే దండ వేసి వచ్చాం మరి.

మా నాన్నగారిది రేడియోల రిపేరు కొట్టు. నాకు పదేళ్ళప్పుడు, ప్లగ్గు తీసేశాం కదా అని పాత వాల్వు రేడియోలో వేలు పెట్టాను. వెనక్కి విసిరేసింది. నాన్న తిట్టలేదు. "కరెంటు పోయినా కండెన్సర్లో ఉంటుందిరా" అని, బల్బు హోల్డరు వైర్లు దాని రెండు కాళ్ళకీ ఆనించి ఖాళీ చేసి చూపించారు. ప్లస్ టూలో టైమ్ కాన్‌స్టంట్ సూత్రం బట్టీ కొట్టి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అర్థమైంది మాత్రం ఆ కొట్లోనే. కండెన్సర్ నిండినంత మేరా బ్యాటరీకి ఎదురు తోస్తుంది, మిగిలిన తేడాకే కరెంటు పారుతుంది. ఓమ్‌లనీ ఫారడ్లనీ గుణిస్తే సెకన్లు వస్తాయి, అదే టైమ్ కాన్‌స్టంట్. ఆ పిల్ల లెక్కలో 10,000 × 0.001, అంటే పది. ప్రతి పది సెకన్లకీ మిగిలిన ఖాళీలో 63 శాతం నిండుతుంది. అదే రెసిస్టరు గుండా దింపితే పదికి 37 శాతమే మిగులుతుంది.

పెద్దాయన మాటలోనూ న్యాయం ఉంది, కాదనను. ఇక్కడి పిల్లలు ఎక్కువమంది పరీక్ష రాసేది ఒడియాలోనో ఇంగ్లీషులోనో. మా మనవడు ఎక్కాలు కూడా ఇంగ్లీషులోనే చెప్తాడు, నేనూ సరిదిద్దను. రెసిస్టరుకి తెలుగు మాట వెతకమనీ అనడం లేదు. కానీ బంతిభోజనం ఉపమానం ఆ పిల్ల ఏ గైడులోనూ చూసి చెప్పలేదు, దాన్ని సగంలో ఆపేశాం.

కమిటీ వారికి ఒకటే మనవి. వచ్చే ఆగస్టులో ఆ పిల్ల బల్ల వేదిక మీద వేయించండి, చివరిదాకా చెప్పనివ్వండి. కండెన్సర్లు, సోల్డరింగు ఖర్చు నాది.