అమ్మకు గుడారం వద్దు, ట్యూబులైటు చాలు

విశాఖపట్నంలో ఉన్న అమ్మకు మూడేళ్ల కిందట ఒక చిన్న గ్రీన్‌హౌస్ పంపాను. ఇనుప చట్రం, చుట్టూ ప్లాస్టిక్ తెర, ముందు జిప్పు. షికాగోలో మార్చి చలి నుంచి నారును కాపాడుకోవడానికి మేం వాడేది అలాంటిదే. ఎం.వి.పి. కాలనీ ఫ్లాటు బాల్కనీలో అది ఏప్రిల్ నెల కూడా దాటలేదు. మధ్యాహ్నం జిప్పు తీస్తే ఆవిరి మొహాన కొట్టిందని, తోటకూర గిన్నెలో ఉడికినట్టు వాలిపోయిందని అమ్మ ఫోనులో చెప్పింది. మన షికాగో తెలుగు సంఘంలో తల్లిదండ్రులకు ఇలాంటివి కొని పంపేవారు ఇంకా ఉన్నారు కనుక ఈ మాట రాస్తున్నాను.

గ్రీన్‌హౌస్ ముఖ్యంగా చేసే పని లోపలి వేడిని బయటికి పోనివ్వకపోవడం. విశాఖలో వేడికి ఏం కొదవ? అక్కడి బాధలు వేరు. వేసవి ఎండ, ఆకుల అంచులను మాడ్చే ఉప్పుగాలి, అక్టోబరు వస్తే తుపాను భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు అమ్మ బాల్కనీలో 14 కుండీలు ఉండేవి. సాయంత్రానికి మిగిలింది కరివేపాకు ఒక్కటే, అదీ మోడుగా. అప్పటినుంచి ఆవిడ మొక్కలను గదిలోకి తెచ్చుకుంది. మంచి పనే చేసింది, కానీ గదిలో వాటికి వెలుతురు చాలలేదు.

ఈ విషయంలో కంటిని నమ్మకూడదు. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. వెలుతురు బాగానే ఉందనిపించే గదిలో, కిటికీకి దూరంగా కొలిస్తే కొన్ని వందలే. మన కనుపాప సర్దుకుంటుంది, మొక్క సర్దుకోలేదు. కాడ సన్నగా సాగి, ఆకు పాలిపోయి, కిటికీ వైపు ఒరుగుతుంది. బలం చాలలేదనుకుని ఎరువు వేస్తాం, దాహమనుకుని నీళ్లు పోస్తాం, చివరికి వేళ్లు కుళ్లుతాయి.

డిసెంబరులో పగలు షికాగోలో 9 గంటలు, విశాఖలో 11. ఇక్కడ హీటరు పుణ్యమా అని ఇంట్లో 20 డిగ్రీలు ఉంటుంది, అక్కడ ఏ సాయమూ అక్కర్లేదు. అంటే రెండు ఇళ్లలోనూ వెచ్చదనానికి లోటు లేదు, లోటంతా వెలుతురుకే. అందుకే రెండు చోట్లా ఒకే సరంజామా చాలునంటాను. ఒక అల్మరా అర, దానికి 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు, ఒక టైమరు. మొక్కల కోసమని అమ్మే ఊదారంగు దీపాలు అవసరం లేదు. ఆకు కొసకూ ట్యూబుకూ మధ్య జానెడు దూరం ఉంటే మంచిది. రోజుకు 14 గంటలు వెలిగించినా నెలకు సుమారు 17 యూనిట్లే. కుండీలో కొబ్బరిపొట్టు, వానపాముల ఎరువు, అడుగున నీరు దిగే రంధ్రాలు.

పోయిన ఏడాది ఒకే పొట్లంలోని గోంగూర గింజలను అమ్మ రెండు కుండీల్లో వేసింది. వంటింటి కిటికీలో పెట్టినది నవంబరులో మొగ్గ తొడిగి, కొత్త ఆకు వేయడం దాదాపు మానేసింది. ట్యూబు కిందది సంక్రాంతి దాటినా చిగురు వేస్తూనే ఉంది. "ఒకటే గింజ కదా నాన్నా, దీనికి పూత ఎందుకు రాలేదు?" అని అడిగింది. గోంగూర పగలు కురచైతే పూతకు వచ్చే మొక్క. 14 గంటల వెలుగులో ఉన్నదానికి చలికాలం వచ్చిన సంగతే తెలియలేదు.

వంకాయ, బెండ, సొర కోసం మాత్రం ఇంట్లో ఆరాటపడవద్దు. కాయ కట్టడానికి కావలసిన వెలుతురు రెండు ట్యూబులతో రాదు. సొరకైతే మగపువ్వు తుంచి ఆడపువ్వుకు మనమే రాయాలి. వాటికి రైతుబజారు ఉంది. ఆకుకూర అలా కాదు, కొన్న మర్నాటికే వాడిపోతుంది, ఇంట్లో వేసుకోవలసింది దాన్నే. విశాఖ ఉక్కకు తోటకూర, బచ్చలి, గోంగూర నప్పుతాయి. కొత్తిమీర అక్కడ తొందరగా పూతకు వస్తుంది, మెంతి, పాలకూరలతో పాటు దాన్ని షికాగో చల్లదనానికి వదిలేయండి. తోటకూర నెల రోజుల్లో కోతకు వస్తుంది కాబట్టి వారానికొక కుండీ చొప్పున గింజ చల్లుతూ పోతే ఏడాదంతా కోత ఆగదు. చిన్న నల్ల దోమలు ముసిరితే నీళ్లు ఎక్కువైనట్టు, పైమట్టి ఆరనివ్వండి. పేనుబంకను తినే అక్షింతల పురుగులు గదిలో ఉండవు, వారానికోసారి ఆకు తిప్పి చూడటమే మార్గం.

మట్టి లేకుండా పెంచే యంత్రాలను ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు కానుకగా పంపడం నాకు అసలు నచ్చదు. మోటారు ఆగితే బాగుచేసేది ఎవరు? నీళ్లలో కలిపే ఎరువు ద్రావణం సీసా అయిపోతే మళ్లీ కొనేది ఎక్కడ? అమ్మకు కుండీలో వేలు దించి తడి చూడటం తెలుసు. 74 ఏళ్ల వయసులో ఆవిడ ఆ నీళ్ల పీహెచ్, అంటే పులుపు ఎంతో, కొలవడం నేర్చుకోనక్కర్లేదు.

ఒక హెచ్చరిక. ఊరి నుంచి గింజలను అనుమతి పత్రాలు లేకుండా సూట్‌కేసులో తేవడం అమెరికాలో నిబంధనలకు విరుద్ధం. ఇక్కడి మన కిరాణా దుకాణాల్లో దొరికే మెంతులు, ధనియాలు చాలావరకు మొలుస్తాయి. ధనియాలను చేత్తో నలిపి బద్దలు చేసి చల్లండి. బచ్చలికి గింజ కూడా అక్కర్లేదు, కాడ నీళ్లలో పెడితే వేళ్లు వస్తాయి. మా అర మీద బచ్చలి బాగా అల్లుకుంది. జనవరి సమావేశానికి కాడలు తడిగుడ్డలో చుట్టి తెస్తాను, కావలసినవారు ఒక సీసా వెంట తెచ్చుకోండి.