స్కర్టు లీగ్‌ది, గాయాలు సోఫీవి

అమెరికా మహిళల బేస్‌బాల్ లీగ్‌, 1946 ఫైనల్ సిరీస్, ఆరో మ్యాచ్. రసీన్ బెల్స్, రాక్‌ఫర్డ్ పీచెస్ జట్లు 13 ఇన్నింగ్స్ ఆడినా స్కోరు బోర్డు మీద ఒక్క రన్ లేదు. 14వ ఇన్నింగ్స్‌లో రసీన్ ఆటగత్తె సోఫీ కురిస్ బంతి కొట్టి మొదటి బేస్ చేరింది. కాసేపటికే రెండో బేస్ దొంగిలించింది, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే పరుగెత్తి అక్కడికి చేరింది. మూడో బేస్‌కు లంకించుకున్న క్షణంలోనే సహచరి బెటీ ట్రెజా బంతిని కొట్టింది. సోఫీ ఇక ఆగలేదు. బ్యాటర్ నిలబడే హోమ్ దాకా పరుగెత్తి, జారుతూ వచ్చి అక్కడి ప్లేటు తాకింది, అదే రన్. 1-0. కప్పు రసీన్‌ది.

మహిళల బేస్‌బాల్ లీగ్ అనగానే చాలామందికి 1992లో వచ్చిన హాలీవుడ్ సినిమా, అందులోని గులాబీ రంగు స్కర్టులు గుర్తొస్తాయి. సోఫీ మాత్రం ఎవరికీ గుర్తురాదు. నా గొడవంతా అదే.

ముందు అంకెలు చూడండి. ఆ ఒక్క సీజన్‌లో సోఫీ 203 సార్లు బేస్ దొంగిలించడానికి పరుగెత్తింది. 201 సార్లు చేరింది. అంటే ఏడాది మొత్తంలో దొరికింది రెండే సార్లు! క్రికెట్ భాషలో చెప్పాలంటే, బ్యాటర్ కొట్టకుండానే రనౌట్ అంచున తీసే దొంగ పరుగు ఇది. మగవాళ్ల మేజర్ లీగ్‌లో ఆధునిక కాలపు రికార్డు 1982లో రికీ హెండర్సన్ చేసిన 130. అదే ఏడాది ఆయన 42 సార్లు దొరికిపోయాడు. ఆయన బేస్‌బాల్ దిగ్గజాల మ్యూజియం హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. సోఫీ ఆడిన లీగ్‌కు 1988లో ఆ మ్యూజియంలో ఒక ప్రదర్శన పెట్టారు, అంతే. ఆటగత్తెగా ఏ మహిళకూ అక్కడ సభ్యత్వం లేదు.

మహిళల బేస్‌ల మధ్య దూరం తక్కువ కదా అంటారు. నిజమే, మగవాళ్లది 90 అడుగులు, వీళ్లది అంతకంటే తక్కువ. అయితే దూరం అందరికీ తక్కువే. మరి 201 ఆమె ఒక్కతే ఎలా చేసింది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బేస్ దొంగిలించాలంటే చివర్లో నేల మీద పడి జారాలి. మగవాడికి అడ్డంగా ప్యాంటు ఉంటుంది. సోఫీకి ఉన్నది మోకాలికి పైన ఆగిపోయే స్కర్టు, లోపల పొట్టి నిక్కరు. తొడ నేరుగా ఇసుక మట్టిని రాసుకుంటుంది. చర్మం లేచి ఎర్రగా ఉండే ఆ గాయాన్ని ఆటగత్తెలు ‘స్ట్రాబెర్రీ’ అనేవాళ్లు. మానకముందే మర్నాడు మళ్లీ మ్యాచ్, మళ్లీ అదే చోట. స్ట్రాబెర్రీ మీద స్ట్రాబెర్రీ పడేదని సోఫీయే తర్వాత చెప్పుకుంది. మట్టి గ్రౌండ్లో కబడ్డీ ఆడిన మన అమ్మాయిలకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

మరి స్కర్టు ఎవరు వేసుకోమన్నారు? చూయింగ్ గమ్ వ్యాపారి, మగవాళ్ల బేస్‌బాల్ జట్టు షికాగో కబ్స్ యజమాని ఫిలిప్ రిగ్లీ. రెండో ప్రపంచ యుద్ధానికి మగాళ్లు వెళ్లిపోతే స్టేడియాలు ఖాళీ అవుతాయన్న టెన్షన్‌తో 1943లో నాలుగు జట్లతో ఈ లీగ్ పెట్టాడు. మగాళ్లలా ఆడాలి, కానీ మగాళ్లలా కనిపించకూడదు. అందుకోసం సాయంత్రాలు మేకప్, నడక, కూర్చునే పద్ధతి నేర్పే క్లాసులు. జట్టుకో కాపలా మనిషి. బయట ప్యాంటు వేసుకుంటే తప్పు, జుట్టు కత్తిరించుకుంటే తప్పు, తప్పుకు జరిమానా.

రిగ్లీ లేకపోతే ఆ అమ్మాయిలకు వారానికి 45 నుంచి 85 డాలర్లు ఎవరిచ్చేవాళ్లన్నది ఎప్పుడూ వినిపించే వాదన. ఫ్యాక్టరీల్లో అంత రాదు, ఒప్పుకుంటాను. ఆట అవకాశం నిజం, జీతం నిజం. స్కర్టు లేకపోతే జనం వచ్చేవాళ్లు కాదన్నది మాత్రం ఎవరూ పరీక్షించి చూడని మాట.

కాదు, ఒకామె పరీక్షించింది. టోనీ స్టోన్. నల్లజాతి అమ్మాయిలను ఈ లీగ్ దగ్గరికే రానివ్వలేదు కాబట్టి ఆమె 1953లో నల్లజాతి ఆటగాళ్ల కోసం విడిగా నడిచిన నీగ్రో లీగ్ జట్టు ఇండియానాపోలిస్ క్లౌన్స్‌లో మగాళ్ల మధ్య రెండో బేస్ దగ్గర ఆడింది. స్కర్టు వేసుకుంటే టికెట్లు తెగుతాయని యజమాని అంటే కుదరదంది. ప్యాంటులోనే దిగింది. జనం వచ్చారు.

ఆడపిల్ల ఆటలో బట్టల నిర్ణయం ఆడపిల్లది తప్ప అందరిదీ. 2005లో హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా స్కర్టు వేసుకుని ఆడితే కొందరు మతపెద్దలు తప్పన్నారు. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య స్కర్టు వేసుకోకపోతే తప్పనబోయింది, గగ్గోలు రేగాక వెనక్కి తగ్గింది. 2021లోనేమో బికినీ బదులు షార్ట్స్ వేసుకున్నారని నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ అమ్మాయిలకు జరిమానా వేశారు. ఒకరికి గుడ్డ ఎక్కువైంది, ఒకరికి తక్కువైంది. సానియా సర్వ్ ఎలా ఉందని ఆ పెద్దల్లో ఎవరైనా చూశారా?

సోఫీ లీగ్‌ సంగతే చూడండి. పన్నెండేళ్లలో అక్కడ మారనిది లేదు. బంతి చిన్నదైంది. బేస్‌ల మధ్య దూరం పెరిగింది. కింది నుంచి విసిరే పిచింగ్ పోయి, భుజం మీది నుంచి విసిరేది వచ్చింది. స్కర్టు మాత్రం 1954లో చివరి మ్యాచ్ దాకా పోలేదు.